తటస్థత బిల్లు కట్టిందెవరు?

యాంకర్: నమస్కారం. 1793 ఏప్రిల్ 22న అమెరికా అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ బ్రిటన్, ఫ్రాన్స్ యుద్ధంలో ఎవరి పక్షమూ వహించబోమని ప్రకటించారు. కానీ 1778 నుంచీ ఫ్రాన్స్‌తో మైత్రి ఒప్పందం ఉంది. మరి ఇది మాట తప్పడం కాదా మేడమ్?

చరిత్ర అధ్యాపకురాలు: కొంతవరకు అవునండీ. ఫ్రెంచి నౌకాదళం రాకపోతే అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో యార్క్‌టౌన్ గెలుపే లేదు. బదులుగా కరీబియన్‌లోని ఫ్రెంచి దీవులకు అండగా ఉంటామని అమెరికా మాటిచ్చింది. ఒప్పందం చేసుకున్న రాజుకే ఫ్రెంచి విప్లవంలో తల తీసేశారు కాబట్టి దాన్ని పక్కన పెట్టొచ్చని ఆర్థిక మంత్రి హామిల్టన్ అన్నారు. ఒప్పందం దేశాల మధ్యది, రాజు పోయినా ఉంటుందని విదేశాంగ మంత్రి జెఫర్సన్ వాదన. నాకు జెఫర్సన్ మాటే సబబు అనిపిస్తుంది. అయితే యుద్ధం వద్దన్న విషయంలో ఇద్దరిదీ ఒకే మాట.

విదేశాంగ విశ్లేషకుడు: మధ్యలో వస్తున్నా, క్షమించండి. అసలు పరీక్ష ఫిలడెల్ఫియా రేవులో జరిగింది. ఫ్రెంచివాళ్లు పట్టుకున్న బ్రిటిష్ ఓడ ‘లిటిల్ సారా’ అక్కడుంది. ఫ్రెంచి రాయబారి జెనె దానికి పేరు మార్చి, 4 ఫిరంగులను 14 చేయించాడు. అదీ అప్పటి అమెరికా రాజధానిలో! వాషింగ్టన్ ఊళ్లో లేరు. దారిలో ఫిరంగులు పెట్టి ఆపుదామని హామిల్టన్, వద్దని జెఫర్సన్. వీళ్లు తేల్చుకునేలోపు ఓడ సముద్రంలోకి వెళ్లిపోయింది.

యాంకర్: అంటే ప్రకటన ఒక్కటే సరిపోలేదన్నమాట.

విశ్లేషకుడు: ఎలా సరిపోతుంది సర్? 1794 జూన్‌లో చట్టం తెచ్చారు. పరాయి దేశాల యుద్ధాల కోసం ఇక్కడి రేవుల్లో ఓడలను ఆయుధాలతో సిద్ధం చేయడం నేరమైంది. నా దృష్టిలో తటస్థత నిజంగా మొదలైంది అప్పుడే.

యాంకర్: దాంతో ఓడలకు రక్షణ దొరికిందా మేడమ్?

అధ్యాపకురాలు: లేదండీ. కరీబియన్‌లో బ్రిటన్ వందల అమెరికన్ ఓడలను పట్టుకుంది. అమెరికా దూతగా జాన్ జే లండన్ వెళ్లి బ్రిటన్‌తో ఒప్పందం కుదిర్చితే ఫ్రాన్స్‌కు కోపమొచ్చి అదీ ఓడల మీద పడింది. చివరికి 1800లో పాత మైత్రి రద్దయింది. అందుకు బదులుగా, ఫ్రాన్స్ నుంచి తమ వ్యాపారులకు రావాల్సిన నష్టపరిహారాన్ని అమెరికా వదులుకుంది. లాభం దేశానిది, నష్టం ఓడల యజమానులది. ఇది అన్యాయమనే నేనంటాను. వాళ్ల వారసుల క్లెయిములు వినమని కాంగ్రెస్ కోర్టుకు అప్పగించేసరికి 1885 వచ్చింది.