స్కానర్ సున్నా చూపిస్తే ప్యాకేజీని నమ్మొచ్చా?

వ్యాఖ్యాత: నమస్కారం. ఓపెన్ సోర్స్ ప్యాకేజీని, అంటే ఇతరులు రాసి అందరికీ తెరిచి ఉంచిన కోడ్‌ను, ప్రాజెక్టులోకి తీసుకునే ముందు దాని ప్రమాదాన్ని ఎలా అంచనా వేయాలన్నది ఈ రోజు చర్చ. స్టూడియోలో ఒక సెక్యూరిటీ ఇంజినీర్, ఒక బిల్డ్ ఇంజినీర్ ఉన్నారు. మేడమ్, స్కానర్ నడిపాం, సున్నా లోపాలు అంది. ఇంకేం చూడాలి?

సెక్యూరిటీ ఇంజినీర్: ఎవరో ఇప్పటికే కనిపెట్టి, నంబరు వేసి, డేటాబేస్‌లోకి ఎక్కించిన లోపాల గురించే స్కానర్ చెబుతుందండీ. 2024 మార్చి 28న ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ యుటిల్స్ 5.6.1 మీద స్కానర్ నడిపి ఉంటే అందులోని బ్యాక్‌డోర్ (దొంగదారి) గురించి ఒక్క మాటా వచ్చేది కాదు. మర్నాడు ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ దాన్ని బయటపెట్టాక అదే వెర్షన్‌కు లోపాల జాబితాలో సీవీఈ-2024-3094 నంబరూ, పదికి పది తీవ్రతా వచ్చాయి. ఆయనకైనా అనుమానం వచ్చింది ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా దూరంలోని యంత్రంలోకి లాగిన్ అర సెకను ఆలస్యం కావడంతో. ప్యాకేజీలో మాత్రం రాత్రికి రాత్రి ఏమీ మారలేదు.

బిల్డ్ ఇంజినీర్: ఆ కేసులో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఒకటుంది. టెస్ట్ ఫైళ్ల ముసుగులో దాచిన కోడ్ గిట్‌లోనే, అంటే అందరూ చూడగల కోడ్ చరిత్రలోనే ఉంది. దాన్ని బిల్డ్‌లోకి లాగే ఎం4 స్క్రిప్ట్ మార్పు మాత్రం విడుదల టార్‌బాల్‌లోనే (పంచిపెట్టే ఫైళ్ల కట్టలోనే) ఉంది, గిట్‌లో లేదు. గిట్‌హబ్‌లో కోడ్ మొత్తం చదివి సరేనన్నవాళ్లకు కూడా ఆ మార్పు కనిపించదు. అందుకే మనం ఇన్‌స్టాల్ చేసే ఫైల్‌నే తెరిచి చూడాలి.

వ్యాఖ్యాత: తెరిచి చూడటమంటే ఎలా సార్?

బిల్డ్ ఇంజినీర్: జావాస్క్రిప్ట్ ప్యాకేజీ అయితే వాటిని దించే పరికరం ఎన్‌పీఎంలోని ‘ఎన్‌పీఎం ప్యాక్’కు పేరు, వెర్షన్ ఇస్తే రిజిస్ట్రీలోని (ప్యాకేజీల నిల్వలోని) టార్‌బాల్ దిగుతుంది, ఇన్‌స్టాల్ కాదు. దాన్ని విప్పి, గిట్‌లో అదే వెర్షన్ ట్యాగ్‌తో డిఫ్ (తేడాల జాబితా) తీయండి. బిల్డ్ చేసిన ఫైళ్లు అదనంగా ఉండటం మామూలే. గిట్‌లో ఆనవాలే లేని స్క్రిప్టో, ఒకే పొడవాటి గజిబిజి వరుసో కనిపిస్తే అక్కడే ఆగాలి. తర్వాత ప్యాకేజీ వివరాలుండే ప్యాకేజ్ జేసన్ ఫైల్‌లో ప్రీఇన్‌స్టాల్, ఇన్‌స్టాల్, పోస్ట్‌ఇన్‌స్టాల్ స్క్రిప్టులు ఉన్నాయేమో చూడాలి. మనం ఒక్క ఫంక్షన్ పిలవకముందే నడిచేవి అవే.

సెక్యూరిటీ ఇంజినీర్: పైథాన్‌లో ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ప్యాకేజీలు దించే పరికరం పిప్‌లో ‘పిప్ డౌన్‌లోడ్’ అంటే ఫైల్ దిగడమే కదా అనుకుంటారు. అది సోర్స్ ప్యాకేజీ అయితే వివరాలు రాబట్టడానికి పిప్ అందులోని సెటప్ కోడ్‌ను నడుపుతుంది. పరీక్షించబోయిన యంత్రమే పోతుంది. పైథాన్ ప్యాకేజీల నిల్వ అయిన పైపీఐ పేజీ నుంచి ఫైల్‌ను నేరుగా దించుకుని విప్పండి.

వ్యాఖ్యాత: ఓపెన్ సోర్స్ భద్రత చూసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎఫ్ సంస్థ స్కోర్‌కార్డ్ ప్రాజెక్టు భద్రతా అలవాట్లకు పదికి ఇన్ని మార్కులని ఇస్తుంది కదా. అది చాలదా?

సెక్యూరిటీ ఇంజినీర్: మంచి పరికరమే. కానీ మొత్తం మార్కు చూసి వదిలేస్తే ఉపయోగం లేదు, ఒక్కో పరీక్షా విడిగా చదవాలి. ప్రమాదకరమైన వర్క్‌ఫ్లో (తనంతట తాను నడిచే పనుల స్క్రిప్ట్), వాటికిచ్చే టోకెన్ అనుమతులు, కోడ్ రివ్యూ, రిపోలో బైనరీ ఫైళ్లు: నేను ముందు చూసేవి ఈ నాలుగూ. ‘మెయింటైన్డ్’ అన్నదాన్ని మాత్రం జాగ్రత్తగా చదవాలి. అది గత 90 రోజుల చురుకుదనాన్ని కొలుస్తుంది. పని పూర్తయిన చిన్న లైబ్రరీకి తక్కువ మార్కు రావచ్చు. ఎక్స్‌జెడ్‌లో చూస్తే చురుగ్గా పనిచేసింది బ్యాక్‌డోర్ పెట్టిన ఖాతానే.

వ్యాఖ్యాత: సరే, ఒక పాత ప్రాజెక్టులో స్కానర్ మూడు వందల లోపాలు చూపించింది. ఎక్కడ మొదలుపెట్టాలి?

సెక్యూరిటీ ఇంజినీర్: సీవీఎస్‌ఎస్ అనే తీవ్రత అంకె ప్రకారం పైనుంచి కిందకు పోకండి. అది లోపం ఎంత తీవ్రమో చెబుతుందే తప్ప, దాన్ని ఎవరైనా వాడుతున్నారో లేదో చెప్పదు. అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సీసా నిర్వహించే కెవ్ జాబితాలో ఉన్నవి ముందు సరిచేయాలి, అవి ఇప్పటికే దాడుల్లో వాడినవి. తర్వాత ఈపీఎస్‌ఎస్, అంటే రాబోయే 30 రోజుల్లో దాడికి వాడే సంభావ్యత. ఆ తర్వాత మన కోడ్ ఆ లోపమున్న ఫంక్షన్ దాకా వెళ్తుందా అన్నది. గో భాషలో గోవల్న్‌చెక్ అనే పరికరం దీన్ని నేరుగా చూపిస్తుంది.

బిల్డ్ ఇంజినీర్: స్కానర్ చూపించనివీ ఉంటాయి. 2021 డిసెంబర్‌లో జావాలో లాగ్‌లు రాసే లాగ్‌4జే లైబ్రరీలో లోపం బయటపడినప్పుడు ఆ లైబ్రరీని నేరుగా పెట్టుకోని ప్రాజెక్టుల్లోనూ అది తేలింది, మరో లైబ్రరీ వెనకాల వచ్చింది కాబట్టి. ఒక పెద్ద జార్‌లో (జావా కోడ్ కట్టలో) కలిపేసినప్పుడు డిపెండెన్సీ (ఆధారపడే లైబ్రరీల) జాబితా చదివే పరికరానికి దొరకకపోవచ్చు. జార్ లోపల జార్ విప్పుకుంటూ లోపానికి మూలమైన జేఎన్‌డీఐ లుకప్ క్లాస్‌ను వెతకాల్సి వచ్చింది. ఎస్‌బామ్‌ను, అంటే సాఫ్ట్‌వేర్‌లోని భాగాల జాబితాను, సోర్స్ నుంచి కాకుండా చివరికి తయారైన ఇమేజ్ నుంచి తీయమని నేను పట్టుబట్టేది అందుకే. సిఫ్ట్ అనే పరికరంతో తీసి, బిల్డ్ నంబరుతో కలిపి దాచండి.

వ్యాఖ్యాత: కొత్త వెర్షన్ రాగానే అప్‌డేట్ చేయాలా, ఆగాలా?

బిల్డ్ ఇంజినీర్: మామూలు అప్‌డేట్‌కు వారం ఆగమంటాను. 2025 సెప్టెంబర్ 8న ఫిషింగ్ మెయిల్‌తో ఒక మెయింటైనర్ (ప్యాకేజీలను చూసుకునే వ్యక్తి) ఖాతా చేజిక్కించుకుని చాక్, డీబగ్ లాంటి జావాస్క్రిప్ట్ ప్యాకేజీల్లోకి దొంగ వెర్షన్లు ఎక్కించారు. కొన్ని గంటల్లోనే వాటిని తీసేశారు. దెబ్బ తగిలింది ఆ గంటల్లో తాజా వెర్షన్ లాగిన బిల్డ్‌లకు. ఎన్‌పీఎం లాంటిదే అయిన పీఎన్‌పీఎంలో 10.16 నుంచి ‘మినిమమ్ రిలీజ్ ఏజ్’ అమరిక ఉంది, విడుదలై ఇంత కాలం కాని వెర్షన్‌ను అది తీసుకోనివ్వదు. ఆ కాలాన్ని నిమిషాల్లో ఇవ్వాలి, వారానికి 10080. బిల్డ్‌లు తనంతట తానే చేసే సీఐ యంత్రంలో ‘ఎన్‌పీఎం ఇన్‌స్టాల్’ వద్దు, కచ్చితమైన వెర్షన్లు రాసి ఉంచే లాక్ ఫైల్‌ను దాటని ‘ఎన్‌పీఎం సీఐ’ వాడండి.

సెక్యూరిటీ ఇంజినీర్: దాడిలో ఉన్న లోపానికి దిద్దుబాటు వస్తే మాత్రం ఆ వారం నియమం వర్తించదు. మినహాయింపు ఎవరు ఇస్తారో ముందే రాసి పెట్టుకోవాలి.

వ్యాఖ్యాత: ఇంత చేసినా దొంగ ప్యాకేజీ లోపలికి వచ్చేస్తే?

సెక్యూరిటీ ఇంజినీర్: ప్యాకేజీలు ఇన్‌స్టాల్ అయ్యే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ తుడిచేసి ఊరుకోవడం పెద్ద తప్పు. ఇన్‌స్టాల్ స్క్రిప్ట్ నడిచిందంటే ఆ యంత్రంలోని ఎన్‌పీఎం టోకెన్లు, క్లౌడ్ తాళాలు, ఎస్‌ఎస్‌హెచ్ కీలు అన్నీ పోయినట్టే లెక్క. ముందు యంత్రాన్ని నెట్‌వర్క్ నుంచి తప్పించి, వేరే శుభ్రమైన యంత్రం నుంచి వాటన్నిటినీ రద్దు చేసి కొత్తవి తీయాలి. పాత యంత్రంలోనే కొత్తవి తీస్తే అవీ దొంగ చేతికే పోతాయి. ఇక మన దేశంలో ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం ఇలాంటి ఘటన గమనించిన 6 గంటల్లో ఆ సంస్థకు తెలియజేయాలి. ఏ బిల్డ్‌లో ఏ వెర్షన్ పోయిందో అప్పటికప్పుడు చెప్పగలగాలంటే, ఇందాక సార్ దాచమన్న ఎస్‌బామ్ చేతిలో ఉండాలి.