ఫోన్-ఇన్ కార్యక్రమం: లైనక్స్‌లో యూఎస్‌బీ వైఫై అడాప్టర్

యాంకర్: నమస్కారం. లైనక్స్‌లో యూఎస్‌బీ వైఫై అడాప్టర్ పనిచేయకపోతే ఏం చేయాలో ఈ రోజు తెలుసుకుందాం. మొదటి కాలర్, చెప్పండి.

కాలర్: నమస్కారమండీ. మా పాత డెస్క్‌టాప్‌లో వైఫై లేదని చిన్న అడాప్టర్ కొన్నాను. డబ్బా మీద లైనక్స్ అని కూడా రాసుంది. పెడితే ఏమీ రాలేదు. అదే మా అబ్బాయి విండోస్ ల్యాప్‌టాప్‌లో బాగా వస్తోంది. పోర్టు మార్చాను, రీస్టార్ట్ చేశాను, చివరికి మా లైనక్స్, అదే ఉబుంటు, మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను...

నిపుణుడు: ఒక్క నిమిషం. ఉబుంటు మళ్లీ వేయాల్సిన పనే లేదండీ. లోపల చిప్ ఏది?

కాలర్: కంపెనీ పేరా? అది...

నిపుణుడు: కంపెనీ పేరు వద్దు. అదే పేరుతో, అదే మోడల్‌లో, వెర్షన్ మారితే చిప్ మారిపోతుంది. ఎవరికైనా నేను ముందు చెప్పేది ఇదే: డబ్బా చూడకండి, చిప్ నంబర్ చూడండి. టెర్మినల్‌లో, అంటే కమాండ్లు కొట్టే కిటికీలో, ఎల్ ఎస్ యు ఎస్ బి అని ఖాళీ లేకుండా కొట్టండి. యూఎస్‌బీలో పెట్టినవాటి జాబితా వస్తుంది.

కాలర్: కంప్యూటర్ ముందే ఉన్నానండీ... సున్నా బి డి ఎ, కోలన్, ఒకటి ఎ రెండు బి. పక్కన రియల్‌టెక్, చివర్లో సీడీరామ్ మోడ్ అని ఉంది. మరి నాకు సీడీ డ్రైవే లేదే!

నిపుణుడు: దొరికింది! మీ అడాప్టరే తనను సీడీగా చూపిస్తోంది. అందులో విండోస్ డ్రైవర్, అంటే అడాప్టర్‌ని నడిపే ప్రోగ్రామ్, ఉంటుంది. అది ఎక్కాక వైఫైగా మారుతుంది. లైనక్స్‌లో ఆ మార్పు చేసేది యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే ప్యాకేజీ. ఇప్పటికి ఫైల్ మేనేజర్‌లో ఆ సీడీ పక్కన ఎజెక్ట్ నొక్కండి. అడాప్టర్‌ని మాత్రం పీకకండి.

కాలర్: నొక్కాను. మళ్లీ అదే కమాండ్ కొడితే... సి ఎనిమిది ఒకటి ఒకటి అయింది! కానీ వైఫై రాలేదండీ.

నిపుణుడు: అది 8811సీయూ చిప్. కెర్నల్ అంటే లైనక్స్‌కి గుండెకాయ లాంటి భాగం. దీని డ్రైవర్ 2023లో వచ్చిన 6.2 కెర్నల్ నుంచి లైనక్స్‌లోనే ఉంది. మీ కెర్నల్ ఏదో చూద్దాం. యు నేమ్ అని కలిపి, తర్వాత ఖాళీ, హైఫన్ ఆర్ అని కొట్టండి.

కాలర్: 5.15. పాత పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు 22.04 ఉంటే అదే వేశాను.

నిపుణుడు: సమస్య అక్కడే. 22.04కే హెచ్‌డబ్ల్యూఈ అనే కొత్త కెర్నల్ ప్యాకేజీ ఉంది, అది 6.2 కన్నా కొత్తది. అది ఎక్కించి రీస్టార్ట్ చేయండి.

కాలర్: నెట్టే లేదు కదండీ, ఎలా ఎక్కించను?

నిపుణుడు: ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, ఫోన్ నెట్ కంప్యూటర్‌కి వస్తుంది. లైనక్స్‌కి అది మామూలు నెట్‌వర్క్ కార్డులా కనిపిస్తుంది. మోడ్‌స్విచ్ కూడా అప్పుడే వేసేయండి.

కాలర్: అయితే నేను డౌన్‌లోడ్ చేసిన, డ్రైవర్ ఎక్కించే స్క్రిప్ట్ ఉంది, సుడోతో నడపమని రాశారు. అది నడిపితే సరిపోదా?

నిపుణుడు: వద్దు, వద్దు. సుడో అంటే సిస్టమ్ మొత్తం వాళ్ల చేతికిచ్చినట్టే. ఎవరు రాశారో, ఏం చేస్తుందో తెలియకుండా నడపకండి. పైగా బయటి డ్రైవర్ కెర్నల్ అప్‌డేట్ వచ్చినప్పుడల్లా మళ్లీ బిల్డ్ కావాలి, అంటే కోడ్ నుంచి మళ్లీ తయారు కావాలి. కెర్నల్‌లో ఉన్నదానికి ఆ బాధ లేదు.

కాలర్: అంటే స్క్రిప్ట్ నడపొద్దంటారు?

నిపుణుడు: నడపొద్దండీ. కెర్నల్ మార్చండి, అంతే.

కాలర్: సరేనండీ. ఇంకోటి కొనాల్సి వస్తే ఏ కంపెనీ మంచిది?

నిపుణుడు: మళ్లీ కంపెనీయేనా! చిప్ చూడండి. మీడియాటెక్ 7612యూ డ్రైవర్ 2018 నాటి 4.19 నుంచే కెర్నల్‌లో ఉంది. కానీ మీకు ఇంకోటి అక్కర్లేదు, ఉన్నదే పనిచేస్తుంది. టెన్షన్ పడకండి.

యాంకర్: ధన్యవాదాలు. తర్వాతి కాలర్.

రెండో కాలర్: సార్, నేను డ్రైవర్ బిల్డ్ చేశాను, తప్పులేం రాలేదు. లోడ్ చేస్తే 'కీ వాజ్ రిజెక్టెడ్' అంటోంది.

నిపుణుడు: సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉందమ్మా. సంతకం లేని డ్రైవర్‌ని కెర్నల్ రానివ్వదు. కెర్నల్ మారినప్పుడల్లా డ్రైవర్‌ని తానే బిల్డ్ చేసే డీకేఎంఎస్ అనే టూల్‌తో ఇన్‌స్టాల్ చేస్తే ఉబుంటు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ కాగానే నీలం తెర వస్తుంది, అందులో ఎన్‌రోల్ ఎంఓకే, అంటే మీ సంతకం కీని నమోదు చేయడం, ఎంచుకుని ఆ పాస్‌వర్డే ఇవ్వాలి. కంగారులో కంటిన్యూ నొక్కేస్తారు చాలామంది. ఆ తెర కొద్ది సెకన్లే ఉంటుంది, జాగ్రత్త. అసలు మీ చిప్‌కి కెర్నల్‌లోనే డ్రైవర్ ఉందేమో ముందు చూశారా?

రెండో కాలర్: లేదు సార్.

నిపుణుడు: ముందు అది చూడమ్మా.

యాంకర్: సమయం తక్కువగా ఉంది. మూడో కాలర్, క్లుప్తంగా చెప్పండి.

మూడో కాలర్: వైఫై కలుస్తుంది సార్, కానీ హార్డ్ డిస్క్ పెట్టగానే బాగా నెమ్మదిస్తుంది.

నిపుణుడు: డిస్క్ యూఎస్‌బీ 3 పోర్టులో, అడాప్టర్ దాని పక్కనే ఉందా? యూఎస్‌బీ 3 నుంచి వచ్చే నాయిస్ 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని దెబ్బతీస్తుంది. ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో అడాప్టర్‌ని దూరంగా పెట్టండి, లేదా 5 గిగాహెర్ట్జ్‌కి మారండి.

మూడో కాలర్: మరి పవర్ సేవింగ్ సంగతి...

యాంకర్: క్షమించాలి, సమయం అయిపోయింది. అందరికీ ధన్యవాదాలు.