తిక్క కాదు, షుగరు

శ్రోతలకు నమస్కారం.

మా చిన్నాన్న స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బుకు ఇరవై ఏండ్లుగా మాత్రలు వేసుకుంటున్నాడు. ఒక వేసవిలో చెంబులకు చెంబులు నీళ్లు తాగడం, రాత్రి నాలుగైదుసార్లు లేవడం మొదలుపెట్టాడు. ఇంట్లో మేమంతా అనుకున్నది ఒకటే: మళ్లీ తిక్క తిరిగింది. అనంతపురంలో ఒక డాక్టరుకు చూపిస్తే, ఆయన పాత చీటీ చూసి మానసిక డాక్టరు దగ్గరికే పొమ్మన్నాడు. చివరికి రక్తం పరీక్ష చేయిస్తే షుగరు మూడు వందలు దాటింది! తిక్కోడు అనే పేరు ఒకసారి పడితే, ఆ మనిషికి కాలు నొచ్చినా గుండె నొచ్చినా అందులోనే కలిపేస్తాం. చదువుకున్నోళ్లం, మేమూ అదే చేశాం.

తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నవాళ్లు మిగతావాళ్లకంటే 10 నుంచి 20 ఏండ్లు ముందే చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆత్మహత్యలే కారణమనుకుంటాం. కానీ ఎక్కువమందిని తీసుకుపోయేవి గుండె జబ్బు, షుగరు, ఊపిరితిత్తుల జబ్బుల్లాంటివే. బీడీ సిగరెట్ల పాత్ర ఇందులో చిన్నదేమీ కాదు.

మందుల సంగతీ ఉంది. స్కిజోఫ్రీనియాకు ఇచ్చే ఓలాంజపిన్, క్లోజపిన్ లాంటివి ఆకలి పెంచుతాయి, బరువు, షుగరు, కొలెస్ట్రాల్ పెరుగుతాయి. అలాగని మందు మానేయకండి, జబ్బు తిరగబెడుతుంది. మందు మొదలుపెట్టేటప్పుడే బరువు, బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ చూపించి రాసిపెట్టుకోండి. మూడు నెలలకు మళ్లీ, ఆపైన కనీసం ఏడాదికొకసారి. నడుము కొలతకైతే దర్జీ టేపు చాలు. క్లోజపిన్ వాడేవాళ్లు రక్తంలో తెల్లకణాల పరీక్ష తప్పించకూడదు. వాళ్లకు మలబద్ధకం వస్తే అది కూడా ప్రమాదమే. రెండు మూడు రోజులు విరేచనం కాకపోతే డాక్టరుకు చెప్పాలి.

మనసు ఒకసారి మరీ ఉప్పొంగి, ఇంకోసారి మరీ కుంగిపోయే బైపోలార్ జబ్బుకు లిథియం అనే మందు వేసుకునేవాళ్లకు మన ఎండలే పెద్ద గండం. చెమటతోనో వాంతులు విరేచనాలతోనో ఒంట్లో నీళ్లు, ఉప్పు తగ్గితే లిథియం రక్తంలో పేరుకుపోతుంది. చేతులు బాగా వణుకుతాయి, నడక తూలుతుంది, మాట ముద్దగా వస్తుంది. చూసినోళ్లు తాగొచ్చాడనుకుంటారు. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోయి, లిథియం వేసుకుంటున్నాడని మొదటే చెప్పండి. ఒళ్లు నొప్పులకని డిక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ మీ అంతట మీరు కొని వేసుకోవద్దు, అవి కూడా లిథియంను పెంచుతాయి. కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు ఎటూ తప్పవు.

మన అనంతపురానికి ఆనుకునే ఉన్న బళ్ళారి జిల్లాలో, 1980ల్లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు మానసిక వైద్యాన్ని పల్లె ఆరోగ్య కేంద్రాల దాకా తెచ్చి చూపించారు. దేశమంతా నడిచే జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా. మాత్ర పల్లెకొచ్చింది బాగానే ఉంది, దాంతోపాటు ఆ మనిషి బీపీ కూడా చూడాలి కదా? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఒంటి జబ్బుకు, మనసు జబ్బుకు వైద్యంలో తేడా చూపకూడదు. "వీడికి మెంటల్" అని ఎవరైనా పక్కన పెడితే, గట్టిగా అడగండి. మానసిక జబ్బు గురించి ఏ సందేహమున్నా ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్ నంబరు 14416కు తెలుగులోనే మాట్లాడొచ్చు.

చిన్నాన్న ఇప్పుడు పొద్దున్నే చెరువుకట్ట దాకా నడిచొస్తాడు. షుగరు దారికొచ్చింది. టీలో చక్కెర మాత్రం మానలేదు. దాని గురించి పిన్నికీ ఆయనకీ రోజూ కొట్లాటే.