నవ్వించే సాహస నవలంటే పిల్లలకు ఎందుకంత ఇష్టం?

(విజయనగరం నుంచి ప్రసారమైన ఫోన్-ఇన్ కార్యక్రమం పూర్తి పాఠం. శ్రోతల పేర్లు తొలగించి, వారి ఊళ్ల పేర్లు మాత్రం ఉంచాం.)

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. పదేళ్లు దాటిన పిల్లలు హాస్యం నిండిన సాహస నవలలను అంతగా ఎందుకు ఇష్టపడతారు, ఆ ఇష్టాన్ని ఇంట్లోనూ బడిలోనూ పెద్దవాళ్లు ఎలా నిలబెట్టవచ్చు అన్న విషయంపై ఈ రోజు మీ ప్రశ్నలు తీసుకుంటున్నాం. గ్రంథాలయంలో పిల్లల విభాగాన్ని చాలాకాలం చూసి పదవీ విరమణ చేసిన గ్రంథపాలకురాలు మన స్టూడియోలో ఉన్నారు. మొదటి ఫోన్ విజయనగరం కంటోన్మెంట్ నుంచి. చెప్పండమ్మా.

శ్రోత (విజయనగరం): నమస్కారం మేడమ్ గారూ. మా అబ్బాయి ఆరో తరగతి చదువుతున్నాడు. వేసవి సెలవుల్లో వాళ్ల మావయ్య అమెరికా రచయిత మార్క్ ట్వేన్ నవల 'టామ్ సాయర్' తెలుగు పుస్తకం తెచ్చిచ్చాడు. అది మొదలు మరో పుస్తకం ముట్టుకోవడం లేదు. కంచెకు సున్నం వేసే ఘట్టం వాడికి కంఠతా వచ్చు, అయినా అక్కడికి వచ్చేసరికి ప్రతిసారీ పడీపడీ నవ్వుతాడు. తెలిసిన కథలో మళ్లీ మళ్లీ ఏముంటుందండీ? ఇలాగే వదిలేయవచ్చా?

అతిథి: నిరభ్యంతరంగా వదిలేయండమ్మా. ఆ ఘట్టాన్నే ఒకసారి గుర్తు చేసుకుందాం. శనివారం పూట ఆటలు మాని కంచెకు సున్నం వేయమని పిన్ని శిక్ష వేస్తే, టామ్ అదేదో అందరికీ దక్కని గౌరవమన్నట్టు నటిస్తాడు. వెక్కిరించడానికి వచ్చిన కుర్రాళ్లే చివరికి బతిమాలి, ఎదురు లంచాలిచ్చి మరీ సున్నం వేస్తారు. ఒకడు ఆపిల్ ఇస్తాడు, మరొకడు గాలిపటం ఇస్తాడు, ఇంకొకడైతే చచ్చిన ఎలుకను, దాన్ని గిరగిరా తిప్పడానికి తాడుతో సహా సమర్పించుకుంటాడు. మొదటిసారి చదివినప్పుడు మీవాడికి ఆ ఎత్తు నెమ్మదిగా తెలిసివచ్చి ఉంటుంది. రెండోసారి నుంచి వాడికి అంతా ముందే తెలుసు కాబట్టి, ఒక్కొక్కడూ వచ్చి ఉచ్చులో కాలు పెట్టడాన్ని తీరిగ్గా కూర్చుని చూస్తున్నాడు. అందువల్ల రెండోసారి చదివినప్పుడు నవ్వు తగ్గకపోగా పెరుగుతుంది.

ఇందులో మరో సంగతి కూడా ఉంది. ఆరో తరగతి పిల్లవాడికి పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా ఎదురయ్యే ప్రతి మనిషీ వాడికన్నా ఎక్కువ తెలిసినవాడే. అమ్మకు తెలుసు, పంతులుగారికి తెలుసు, ఆటో నడిపే బాబాయికి కూడా తెలుసు. అలాంటి పిల్లవాడికి, కథలోని మనుషులకన్నా తనకు ఒక ముక్క ఎక్కువ తెలిసిన చోటు ఈ పుస్తకంలో దొరికింది. హాస్యం వాడికి పైచేయి ఇస్తుంది. నేను చూసినంతలో పిల్లలు ఇలాంటి నవలలకు అతుక్కుపోవడానికి అసలు కారణం అదే.

ఆ పైచేయి ఉంది కాబట్టే వాడు భయంలోకి కూడా ధైర్యంగా దిగుతాడు. అదే పుస్తకంలో అర్ధరాత్రి శ్మశానంలో హత్య జరుగుతుంది, గుహలో దారి తప్పిన పిల్లల చేతిలో ఆఖరి కొవ్వొత్తి కరిగిపోతుంది. ఇవే సంఘటనలు వరసగా, గంభీరంగా చెప్పుకుంటూ పోతే పదకొండేళ్ల పిల్లవాడు పుస్తకం మూసి అమ్మ పక్కన చేరతాడు. మధ్యమధ్య నవ్వించిన రచయిత మీద వాడికి నమ్మకం కుదిరింది కాబట్టి, ఈ చీకటి కూడా దాటిస్తాడులే అనుకుని పేజీ తిప్పుతాడు. కొత్త పుస్తకం కోసం తొందర పెట్టకండి. కావాలంటే దాన్ని వాడికి అందే చోట పెట్టి, ఆ మాట ఎత్తకుండా ఊరుకోండి.

వ్యాఖ్యాత: తరువాత శ్రీకాకుళం నుంచి ఒక పెద్దాయన లైన్లో ఉన్నారు.

శ్రోత (శ్రీకాకుళం): అమ్మా, నాది కూడా ఆ పుస్తకం గొడవే. అందులో ముగ్గురు కుర్రాళ్లు ఇంట్లో చెప్పకుండా నదిలోని లంకకు పారిపోయి, సముద్రపు దొంగలమంటూ కాపురం పెడతారు. ఊరంతా వాళ్లు మునిగిపోయారని ఏడుస్తుంది. మా మనవడు అది చదివి, నాగావళి ఇసుక దిబ్బ మీద ఒక రాత్రి ఉండి చూద్దామని పక్కింటి కుర్రాడితో మంతనాలు చేస్తున్నాడు. అబద్ధాలు, బడి ఎగ్గొట్టడాలు, ఇల్లు వదిలిపోవడాలు నేర్పే పుస్తకం పిల్లల చేతికి ఇవ్వడం మంచిదేనంటారా?

అతిథి: బాబుగారూ, ముందు నది సంగతి పుస్తకంతో కలపకుండా వేరుగా చెప్పండి. నీటి దగ్గరకు పెద్దవాళ్లు లేకుండా వెళ్లకూడదని సూటిగా చెప్పి, వీలైతే ఒక సాయంత్రం మీరే వెంటబెట్టుకుని తీసుకెళ్లండి. మీరు కూడా వస్తున్నారని తెలియగానే సముద్రపు దొంగల ఉత్సాహం సగానికి పడిపోతుంది.

ఇక పుస్తకం విషయం. ఆ లంక మీద నుంచి టామ్ ఒక రాత్రి ఎవరికీ తెలియకుండా ఇంటికి వచ్చి, మంచం కింద దాక్కుని, పిన్ని తన కోసం కుమిలిపోవడం వింటాడు. అంతవరకు నవ్వుతూ వచ్చిన పిల్లలు అక్కడ ఆగిపోవడం నేను చాలాసార్లు గమనించాను. ఆ కుర్రాళ్లు చావలేదని పాఠకుడికి తెలుసు, టామ్‌కీ తెలుసు, పిన్నికి మాత్రం తెలియదు. ఇంతదాకా నవ్వు పుట్టించిన ఆ తేడాయే ఇక్కడ కడుపులో దేవినట్టు చేస్తుంది. ఆ తరువాత ముగ్గురూ తమ కర్మకాండ ప్రార్థన జరుగుతున్న చర్చిలోకే నడిచి వచ్చినప్పుడు మళ్లీ నవ్వు వస్తుంది కానీ, మంచం కింద విన్న ఏడుపును పిల్లవాడు మరిచిపోడు. పైచేయి ఉన్న పాఠకుడు కథానాయకుణ్ణి మెచ్చుకోవడంతో సరిపెట్టుకోడు, తప్పొప్పులు కూడా తూస్తాడు. కాబట్టి నీతి ఏమిటని మనవణ్ణి అడగకండి. నీతి అడిగితే పరీక్షలో రాసే జవాబే వస్తుంది. మంచం కింద ఉన్నప్పుడు టామ్ ఎందుకు బయటికి రాలేదని అడిగి చూడండి. చాలాసేపు మాట్లాడతాడు.

వ్యాఖ్యాత: చీపురుపల్లి దగ్గర ఒక ఉన్నత పాఠశాల నుంచి తెలుగు ఉపాధ్యాయురాలు మాట్లాడుతున్నారు.

శ్రోత (చీపురుపల్లి): నమస్కారమండీ. గ్రంథాలయ పీరియడ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు 'బారిష్టర్ పార్వతీశం' చదివి వినిపించాను. నా చిన్నతనంలో మా నాన్నగారు చదువుతుంటే ఇల్లంతా నవ్వేది. మా పిల్లలు మాత్రం మర్యాదగా విని ఊరుకున్నారు. ఇప్పటి పిల్లలకు ఆ హాస్యం పట్టదని వదిలేయాలా?

అతిథి: వదిలేయకండి టీచరుగారూ. మొక్కపాటి నరసింహశాస్త్రిగారు ఆ నవల మొదటి భాగాన్ని 1924లో వెలువరించారు. మొగల్తూరు కుర్రాడు బారిష్టరు చదువుకోసం మూటాముల్లె సర్దుకుని సీమకు, అంటే ఇంగ్లండుకు, బయలుదేరడం అందులోని సాహసం. సాహసానికి కావలసిన సరుకంతా ఉంది. ఇంటి గడప దాటడం, తెలియని ఊళ్లు, ఓడ ప్రయాణం, చేతిలో పరిమితమైన డబ్బు, రాని భాష. కథను పార్వతీశమే చెబుతాడు, తన తెలివితక్కువతనాన్ని ఏ దాపరికమూ లేకుండా, ఎంతో హుందాగా చెబుతాడు. దొరలా కనిపించాలని కొన్న టోపీ ఆడవాళ్లదని అతనికి తెలియదు. చదివేవాడికి మాత్రం తెలియాలి.

మీ తరగతిలో నవ్వు పుట్టకపోవడానికి కారణం ఇక్కడే ఉందని నా అనుమానం. 1924లో చదువుకున్న పాఠకుడికి దొర టోపీ ఏదో, దొరసాని టోపీ ఏదో తెలుసు, ఓడ ఎక్కడమంటే ఎంత పెద్ద వ్యవహారమో కూడా తెలుసు. మీ పిల్లలు ఆ రెండూ చూడలేదు. అంటే పార్వతీశానికి ఎంత తెలుసో వాళ్లకూ అంతే తెలుసు. పైచేయి లేని చోట నవ్వు రాదు. నవ్వు రానందుకు వాళ్లను నిందించి లాభం లేదు.

చదవడానికి ముందే ఆ పైచేయి ఏదో వాళ్లకు అందించండి. ఆ రోజుల్లో తెల్లదొరలూ దొరసానులూ పెట్టుకున్న టోపీల బొమ్మలు రెండు బోర్డు మీద పెట్టి, ఇది మగవాళ్లది, ఇది ఆడవాళ్లదని చెప్పి, ఇంకేమీ అనకుండా చదవడం మొదలుపెట్టండి. విమానం లేని కాలంలో సీమకు వెళ్లాలంటే వారాల తరబడి ఓడలో ఉండాల్సి వచ్చేదని పటం మీద దారి చూపించండి. హాస్యాన్ని చదివాక విడమరిచి చెప్పకండి, అది చల్లారిన ఉప్మాను మళ్లీ వేడిచేసి పెట్టినట్టే ఉంటుంది. ముందు చెప్పవలసింది ముందే చెప్పేసి, చదివేటప్పుడు మీరు కూడా వాళ్లతో కలిసి నవ్వండి.

ఎక్కడ ఆపుతున్నారన్నది కూడా చూసుకోండి. చాలామంది ఉపాధ్యాయులు ఘట్టం పూర్తయ్యాక ఆపుతారు. పార్వతీశం ఒక నిర్ణయం తీసుకున్న చోట, దాని ఫలితం తేలకముందే ఆపి, ఇప్పుడేమవుతుందని అడగండి. పరమానందయ్య శిష్యుల కథలు విన్న పిల్లలకు ఇది కొత్తేమీ కాదు. గురువుగారు చెప్పిన మాటను శిష్యులు ఉన్నది ఉన్నట్టు పట్టుకుని ఏ ఉపద్రవం తెస్తారో ముందే ఊహించి నవ్వడం వాళ్లకు అలవాటే. మూడు భాగాలూ పూర్తి చేయాలన్న పట్టుదల కూడా వద్దు. ఈ వయసుకు మొదటి భాగం చాలు, మిగిలినవి కావలసినవాళ్లు తామే వెతుక్కుంటారు.

వ్యాఖ్యాత: ఆమదాలవలస నుంచి ఒక తండ్రి ఫోన్‌లో వీడియోలు చూసే అమ్మాయికి నవల ఎలా అలవాటు చేయాలని అడుగుతున్నారు.

అతిథి: ఫోన్ లాక్కుని ఆ చేతిలో పుస్తకం పెడితే, పుస్తకం శిక్షగా మారుతుంది. రాత్రి భోజనాలయ్యాక మీరే ఒక అధ్యాయం పైకి చదివి, ఉత్కంఠ ఉన్న చోట ఆపి, పుస్తకాన్ని అక్కడే వదిలి నిద్రపొండి. మిగతాది ఆ అమ్మాయే చూసుకుంటుంది.

వ్యాఖ్యాత: రాజాం నుంచి తొమ్మిదో తరగతి విద్యార్థిని. మాట్లాడు తల్లీ.

శ్రోత (రాజాం): మేడమ్, నాకు ఈ పుస్తకాలు ఇష్టమే కానీ ఒక కోపం ఉంది. సాహసం చేసేది ఎప్పుడూ అబ్బాయే. గుహలో టామ్ స్నేహితురాలు బెకీ ఏడుస్తుంది, టామ్ దారి వెతుకుతాడు. నవ్వు వచ్చినా, నాకు పూర్తిగా నవ్వాలనిపించదు.

అతిథి: నీ కోపం న్యాయమైనదమ్మా. నీకు పైచేయి ఇస్తానన్న పుస్తకమే నీలాంటి అమ్మాయిని భయపడే పాత్రకు పరిమితం చేస్తే, నవ్వు సగంలో ఆగిపోవడం సహజం. టామ్ సాయర్ 1876 నాటి పుస్తకం. ఆడపిల్లల విషయంలోనే కాదు, అందులోని దుర్మార్గుణ్ణి అమెరికా ఆదివాసీ రక్తం ఉన్నవాడిగా చూపి, ఆ రక్తమే అతని క్రూరత్వానికి కారణమన్నట్టు రాయడంలో కూడా ఆనాటి దురభిప్రాయం కనిపిస్తుంది. ఎవరిని చూసి నవ్వమంటున్నారు, ఎవరిని చూసి భయపడమంటున్నారు అని చదివేటప్పుడు అడుగుతూ ఉండటం మంచి పాఠకురాలి లక్షణమే.

ఇంగ్లీషు చదవగలిగితే, స్వీడన్ రచయిత్రి ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ 1945లో వెలువరించిన 'పిప్పీ లాంగ్‌స్టాకింగ్' వెతుకు. తొమ్మిదేళ్ల పిప్పీ ఒక కోతితోనూ గుర్రంతోనూ ఒంటరిగా కాపురం ఉంటుంది, ఆ గుర్రాన్ని రెండు చేతులతో ఎత్తేస్తుంది, తనను అనాథాశ్రమంలో చేర్చడానికి వచ్చిన పోలీసులను ఇంటి చుట్టూ పరుగులు పెట్టిస్తుంది. అక్కడ తెల్లబోయేది పెద్దవాళ్లు. నీకు పూర్తిగా నవ్వు వస్తుంది.

శ్రోత (రాజాం): మా బడి గ్రంథాలయంలో లేదనుకుంటా మేడమ్.

అతిథి: జిల్లా కేంద్ర గ్రంథాలయంలో అడుగు. అక్కడా లేకపోతే, తెప్పించమని కాగితం మీద రాసి ఇవ్వు. చదివేవాళ్లు అడిగిన పుస్తకమని తెలిస్తే, కొత్త పుస్తకాలు కొనేటప్పుడు ఆ పేరును పట్టించుకుంటారు.

వ్యాఖ్యాత: ఆఖరి ఫోన్ నెల్లిమర్ల నుంచి, ఏడో తరగతి అబ్బాయి.

శ్రోత (నెల్లిమర్ల): నమస్తే మేడమ్. నేనే ఒక కథ రాస్తున్నాను. మా హీరో పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి వచ్చి జనంలో తప్పిపోతాడు. రెండు పేజీలు రాశాను. భయంగా ఉంది కానీ నవ్వు రావడం లేదు.

అతిథి: మంచి చోటు ఎంచుకున్నావు బాబూ. పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే ఆ పొడవాటి మాను, సిరిమాను, గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది కాబట్టి, నీ కథకు మూడు మలుపులు ముందే సిద్ధంగా ఉన్నాయి. ఇప్పుడు నీ హీరోకు తెలియనిది, చదివేవాడికి తెలిసినది ఒకటి కావాలి. తప్పిపోయింది తాను కాదని, వాళ్లమ్మే తప్పిపోయిందని నీ హీరో గట్టిగా నమ్మితే ఎలా ఉంటుంది?

శ్రోత (నెల్లిమర్ల): అయితే వాడు ఏడవడు కదా మేడమ్!

అతిథి: ఏడవడు. పాపం అమ్మ ఎంత కంగారు పడుతోందో అని జాలిపడుతూ, కనిపించిన ప్రతివారికీ అమ్మ గుర్తులు చెబుతూ తిరుగుతాడు. ఒక్కో తిరుగుడులో ఒక్కో పొరపాటు చేయించు. జనం తోపులాటలో నిజంగా భయపడే చోటు ఒకటి ఉంచు, దాన్ని తీసేయకు.

శ్రోత (నెల్లిమర్ల): పోలీసుల దగ్గరికి వెళ్లి, మా అమ్మ తప్పిపోయింది, మైకులో చెప్పండి అనొచ్చా?

అతిథి: అనిపించు. అయితే వాళ్లమ్మ అప్పటికే అదే డేరాకు అవతలి వైపు నిలబడి, మా అబ్బాయి తప్పిపోయాడని చెబుతోందన్న సంగతి, వాడు మైకు దగ్గరికి చేరేలోపే ఒక వాక్యంలో రాసెయ్యి.