చట్టంలో లేని మాట

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరికీ పేరు పేరునా చెప్పాలి గానీ, ఇచ్చిన పది నిమిషాలూ అందుకే సరిపోతాయి. మన్నించండి. జాతీయ భద్రత పేరు చెప్పి మతాచరణ మీద ఆంక్ష పెట్టొచ్చా? ఈ పూట నా మాటంతా దాని గురించే.

పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక 1966 నాటిది. అందులో 18వ అధికరణం మతస్వేచ్ఛది. మతాచరణ మీద ఆంక్ష పెట్టడానికి ఒప్పుకునే కారణాలు అక్కడే ఉన్నాయి: ప్రజల భద్రత, శాంతి, ఆరోగ్యం, నైతికత, ఇతరుల ప్రాథమిక హక్కులు. ‘జాతీయ భద్రత’ ఆ జాబితాలో లేదు. ఆ పక్కనే, భావప్రకటన గురించి చెప్పే 19లో ఉంది. ఇక్కడ లేదు! మరచిపోయి వదిలేశారనుకోకండి. జాతీయ భద్రత పేరుతో మతం మీద ఆంక్ష కుదరదని ఐరాస మానవ హక్కుల కమిటీ 1993లో విడమరచి చెప్పింది.

అలాగని ప్రమాదాన్ని చూస్తూ ఊరుకోమనలేదు. ప్రజల భద్రత అన్నప్పుడు ఎవరికి, ఏం ముప్పో చూపించాలి. జాతీయ భద్రత అన్నారా, ఫైలు రహస్యం, కారణం రహస్యం. జడ్జి చేతికి ఏమీ చిక్కదు.

కెనడా కిర్పాన్ కేసు చూడండి. కిర్పాన్ అంటే సిక్కులు మతనియమంగా ఒంటి మీద ధరించే చిన్న కత్తి. పన్నెండేళ్ల సిక్కు పిల్లవాడు. కిర్పాన్ బడి ఆవరణలో జారి కిందపడింది. బడి పాలకమండలి పూర్తిగా నిషేధించింది. 2006లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. ఊరికే కొట్టేయలేదు, కింది కోర్టు పెట్టిన షరతులుంటే ముప్పు బాగా తక్కువని చూసి కొట్టేసింది. ఆ షరతులు చూడండి: బట్టల లోపల ధరించాలి, ఒర చెక్కది కావాలి, లోహం పనికిరాదు, ఒరను మందపాటి గుడ్డలో చుట్టి, ఆ గుడ్డను భుజం పట్టీకి కుట్టేయాలి, సిబ్బంది తనిఖీ చేయొచ్చు, పోతే వెంటనే చెప్పాలి. కుట్టు విప్పితే తప్ప బయటికి రాదు! అదే బడిలో కత్తెరలు, బేస్‌బాల్ బ్యాట్లు ఉన్నాయని కోర్టు గుర్తుచేసింది. విమానంలోనైతే లెక్క వేరు, అక్కడ పక్కవాళ్లు రోజూ కలిసి చదువుకునేవాళ్లు కారు. ముప్పును కొలిచి, దానికి సరిపడా కుట్టు వేయడమంటే ఇదీ.

కొలవకపోతే ఏమవుతుందో న్యూయార్క్ చూపించింది. 2001 దాడుల తర్వాత అక్కడి పోలీసుల్లో ఒక విభాగం ముస్లింల మసీదులు, దుకాణాలు, కబుర్లు రాసుకుంటూ పోయింది. తన హయాంలో ఆ నివేదికల్లోంచి ఒక్క దర్యాప్తు కూడా మొదలు కాలేదని అదే పోలీసు శాఖ ఇంటెలిజెన్స్ అధికారి 2012లో ప్రమాణం చేసి చెప్పారు. 2014లో విభాగాన్ని ఎత్తేశారు.

ఇక్కడున్న అధికారులారా, లాయర్లారా, మీకే చెబుతున్నాను. మతాచరణ మీద ఆంక్ష పెట్టే తర్వాతి ఆర్డరు మీద సంతకం పెట్టేముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. ఎవరికి ముప్పు, ఏ పని వల్ల, ఇంతకంటే తక్కువ ఆంక్షతో ఎందుకు ఆగదు, ఎన్నాళ్లు: ఈ నాలుగూ రాయండి. మొదటి ప్రశ్న దగ్గర మతం పేరు తప్ప ఇంకేమీ రాయలేకపోతే, సంతకం పెట్టకండి.