మాలగాలో స్పానిష్: ఎవరు వెళ్ళాలి, ఎప్పుడు వెళ్ళాలి? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

యాంకర్: శ్రోతలకు నమస్కారం. ఈ రోజు ఫోన్-ఇన్‌లో విషయం, విదేశాలకు వెళ్ళి స్పానిష్ నేర్చుకోవడం. స్టూడియోలో ఉన్న మేడమ్ హైదరాబాద్‌లో స్పానిష్ టీచర్. స్పెయిన్ దక్షిణ తీరంలో ఉన్న మాలగాలో రెండు విడతలుగా ఏడు నెలలు చదువుకున్నారు. మేడమ్, బార్సిలోనా, మాడ్రిడ్ ఉండగా ఇంతమంది మాలగా అంటున్నారేమిటి?

టీచర్: నమస్కారమండీ. ముందుగా లాగేది ఎండా, సముద్రమూ. ఆ తీరం పేరే కోస్తా దెల్ సోల్, అంటే సూర్యతీరం. రెండోది, బార్సిలోనాలో స్పానిష్‌తో పాటు కతలాన్ అనే ప్రాంతీయ భాష కూడా ఉంటుంది. బోర్డులు, బడులు చాలావరకు కతలాన్‌లోనే. మాలగాలో గడప దాటితే వినపడేది స్పానిషే. విదేశీయులకు స్పానిష్ నేర్పడం ఆ ఊరికి కొత్త కాదు. అక్కడి కోర్సులకు 1947 నుంచి చరిత్ర ఉంది. ఊరికి తూర్పున పెద్రెగలేహో, ఎల్ పాలో అని పాత జాలరిపేటలున్నాయి. చాలా స్కూళ్ళు ఆ చుట్టుపక్కలే. సెంటర్‌లో 11వ నంబరు సిటీబస్సు ఎక్కితే తిన్నగా అక్కడ దిగొచ్చు.

యాంకర్: మొదటి కాల్ కూకట్‌పల్లి నుంచి. చెప్పండి.

శ్రోత (కూకట్‌పల్లి): నమస్తే మేడమ్. సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తున్నాను. ఒక నెల సెలవు దొరికింది. మాలగాలో నాలుగు వారాల కోర్సు చూశాను, వారానికి 20 క్లాసులు. నాకు స్పానిష్ ఒక్క ముక్క రాదు. అక్కడికెళ్తే చుట్టూ అదే మాట కాబట్టి తొందరగా వచ్చేస్తుందని ఫ్రెండ్స్ అంటున్నారు.

టీచర్: ఏమీ రాకుండా వెళ్ళకండి. ఇది గట్టిగానే చెబుతున్నాను. 20 క్లాసులంటే 20 గంటలని అనుకుంటాం. క్లాసు ఎన్ని నిమిషాలో అడగండి. 45 నిమిషాలైతే వారానికి 15 గంటలే. నాలుగు వారాలకు 60. మొదటి నుంచి మొదలుపెట్టినవాళ్ళకు ఆ 60 గంటల్లో నా పేరు ఇది, మాది ఫలానా ఊరు, టికెట్ ఎంత, ఇక్కడిదాకా వస్తుంది. అది కూకట్‌పల్లిలో కూర్చునే నేర్చుకోవచ్చు. పైగా సెంటర్‌లో మీరు తడబడిన మరుక్షణం వెయిటర్ ఇంగ్లిష్‌లోకి మారిపోతాడు. టూరిస్టుల ఊరు కదా, వాళ్ళకది అలవాటు. ఇక మీ స్పానిష్ అక్కడే ఆగిపోతుంది. ఆన్‌లైన్‌లోనో, ఇక్కడ మంచి టీచర్ దగ్గరో ఏ2 స్థాయి దాకా, అంటే చిన్నచిన్న మాటలు మాట్లాడగలిగేదాకా, పూర్తి చేసి వెళ్ళండి. అప్పుడు ఆ నాలుగు వారాల్లో ప్రతి రోజూ మాట్లాడటానికే పనికొస్తుంది.

శ్రోత (కూకట్‌పల్లి): సరే మేడమ్. నాకు ఇంగ్లిష్ బాగా వచ్చు కాబట్టి గ్రామర్ ఈజీగానే ఉంటుంది కదా?

టీచర్: ఇంగ్లిష్‌ని కాసేపు పక్కన పెట్టండి. తెలుగులోంచి స్పానిష్‌కు వెళ్ళండి. నా స్టూడెంట్లందరికీ నేను మొదటి రోజు చెప్పేది ఇదే. మనం "వస్తాను" అంటే చాలు, ఎవరు వస్తారో ఆ మాటలోనే తెలిసిపోతుంది. స్పానిష్‌లోనూ అంతే. "ఆబ్లో" అంటే మాట్లాడతాను, "ఆబ్లాస్" అంటే మాట్లాడతావు. నువ్వు, మీరు అనే తేడా కూడా ఉంది: "తూ", "ఉస్తెద్". అన్నిటికంటే ముఖ్యం "మే గుస్తా". మాటకు మాట చూస్తే "నాకు నచ్చుతుంది". కాఫీ ఇష్టం అనాలంటే "మే గుస్తా ఎల్ కఫే". మాలగాలో మా క్లాసులో ఇంగ్లండ్ నుంచి వచ్చిన అమ్మాయి ఒకరుండేవారు. ఇష్టపడేది నేనైతే వాక్యంలో కర్త కాఫీ ఎలా అవుతుందని రెండు వారాలు నలిగిపోయింది. నాకు ఒక్క నిమిషం పట్టింది. "మే దువేలె లా కబేసా", నాకు తల నొప్పిగా ఉంది. అచ్చం మనం అన్నట్టే. పలకడంలో కూడా త, ద మనవే. అచ్చులు ఐదే, రాసినట్టే పలకాలి.

శ్రోత (కూకట్‌పల్లి): ఇలా ఎవరూ చెప్పలేదు మేడమ్. అయితే ప్రయాణం ఆర్నెల్లు వాయిదా వేస్తాను.

యాంకర్: తర్వాత తెనాలి నుంచి. చెప్పండమ్మా.

శ్రోత (తెనాలి): అమ్మా, మా పాప డిగ్రీ అయిపోయింది. తొమ్మిది నెలలు స్పానిష్ కోర్సుకు ఆ ఊరే వెళ్తానంటోంది. ఇక్కడ ఒక కన్సల్టెన్సీ వాళ్ళు కలిశారు. పార్ట్‌టైమ్ పనితో ఖర్చులన్నీ వెళ్ళిపోతాయి, తర్వాత పీఆర్, అదే శాశ్వత నివాసం కూడా వచ్చేస్తుందన్నారు. ఐదు లక్షలు ముందు కట్టమంటున్నారు. మా వారికి ఒకటే టెన్షన్.

టీచర్: కట్టేశారా అమ్మా?

శ్రోత (తెనాలి): లేదమ్మా. సోమవారం కడదామనుకున్నాం.

టీచర్: ఆపండి. భాషా కోర్సు వీసా చదువుకోవడానికిచ్చేది. పని చేసుకునే అనుమతి దాంతో పాటే వస్తుందనుకుని ఇంటి బడ్జెట్ వేసుకోకూడదు. పీఆర్‌కు అసలు దీంతో సంబంధమే లేదు. ఆ రెండు మాటలూ కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇమ్మనండి. ఇవ్వరు.

శ్రోత (తెనాలి): మరి వీసా ఎలాగమ్మా?

టీచర్: 90 రోజుల లోపు చదువైతే షెంగెన్ వీసా, అంటే చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే కొద్దిరోజుల వీసా. ఏ 180 రోజులు లెక్కేసినా 90కి మించి ఉండకూడదు. కనీసం 30,000 యూరోల మెడికల్ ఇన్సూరెన్స్ చూపించాలి. మీ పాపది తొమ్మిది నెలలు కాబట్టి లాంగ్ టర్మ్ స్టూడెంట్ వీసా కావాలి. దానికి స్కూలు అడ్మిషన్ లెటర్, పోలీస్ క్లియరెన్స్, మెడికల్ సర్టిఫికెట్, బ్యాంకులో డబ్బు చూపించాలి. కొన్ని కాగితాలకు అపోస్టిల్, అంటే విదేశాల్లో చెల్లేలా వేసే అధికారిక ముద్ర, స్పానిష్ అనువాదం కూడా అడుగుతారు. డబ్బు లెక్కకు స్పెయిన్ ప్రభుత్వం ప్రకటించే ఒక సూచిక ఉంది, 2024లో అది నెలకు 600 యూరోలు. ఆ 600తో మాలగాలో నెల గడుస్తుందనుకోకండి. చాలావరకు గది అద్దెకే పోతుంది. అక్కడికెళ్ళాక నెలలోపు రెసిడెన్స్ కార్డుకు అప్లై చేసుకోవాలి. రూల్స్ మారుతుంటాయి కాబట్టి కట్టేముందు కాన్సులేట్ వెబ్‌సైటు ఒకసారి చదవండి. చివరి మాట వాళ్ళదే.

శ్రోత (తెనాలి): స్కూలు మంచిదో కాదో మాకెలా తెలుస్తుంది?

టీచర్: ఇన్స్తితూతో సెర్వాంతెస్ అని స్పెయిన్ ప్రభుత్వ సంస్థ ఉంది, 1991లో పెట్టారు. అది గుర్తించిన స్కూళ్ళ జాబితా వాళ్ళ సైట్‌లోనే దొరుకుతుంది. అందులో లేని స్కూలుకు లక్షలు కట్టకండి. పాప చేతే స్కూలుకు నేరుగా ఈమెయిల్ రాయించండి. ఫీజు నేరుగా స్కూలుకే కట్టొచ్చు.

శ్రోత (తెనాలి): ఒంటరిగా ఉంటుందనే భయం కూడా ఉందమ్మా.

టీచర్: ఆ భయం మా అమ్మకూ ఉండేది. మొదటి నెల స్కూలు చూపించే కుటుంబంతో ఉంచండి. తిండి, మాట రెండూ అక్కడే దొరుకుతాయి. రాత్రి భోజనం తొమ్మిది, పది అవుతుందని ముందే చెప్పండి, ఆకలికి అలమటించకుండా. గది మాత్రం ఇక్కడి నుంచి ఫొటో చూసి ఖాయం చేయొద్దు. నేను చేశాను. ప్రకటనలో "ఇంతెరియోర్" అని రాసి ఉంది, ఇంటి లోపలి గదేమో అనుకున్నాను. వెళ్ళి చూస్తే కిటికీ తెరుచుకునేది నాలుగు గోడల మధ్య సందులోకి. పొద్దున పదికి కూడా లైటు వేసుకోవాలి. అది జనవరి. బయట ఎండ కాస్తుంటే నేను లోపల స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని, చల్లటి టైల్స్ మీద రెండు జతల సాక్సులతో కూర్చుని క్రియారూపాలు బట్టీ పట్టాను. అక్కడ చాలా ఇళ్ళలో హీటింగ్ ఉండదు. ఎండ ఊరని పల్చటి బట్టలే సర్దుతారు అందరూ. పాప పెట్టెలో ఉన్ని బట్టలు పెట్టండి.

శ్రోత (తెనాలి): అద్దెలు అంత కష్టమా?

టీచర్: కష్టమేనమ్మా. టూరిస్టులకు రోజువారీ అద్దెకిస్తే ఎక్కువొస్తుందని ఇళ్ళన్నీ అటు పోతున్నాయి. 2024 జూన్ 29న ఆ ఊరివాళ్ళే ఇళ్ళ కోసం వేల సంఖ్యలో రోడ్ల మీదికొచ్చారు. జూలై, ఆగస్టుల్లో మరీ ఇబ్బంది. అక్టోబరులో పంపండి.

శ్రోత (తెనాలి): సోమవారం కట్టంలే అమ్మా. చల్లగా ఉండు.

యాంకర్: ఇప్పుడు అనంతపురం కాల్.

శ్రోత (అనంతపురం): నమస్కారం మేడమ్. నేను మా ఊళ్ళోనే స్పానిష్ నేర్చుకున్నాను. స్పెయిన్ నుంచి వచ్చే అతిథులకు పల్లెల్లో అనువాదం చేస్తుంటాను.

టీచర్: చాలా సంతోషమమ్మా. స్పెయిన్ నుంచి వచ్చి మీ దగ్గర సేవాసంస్థ పెట్టిన విన్సెంట్ ఫెర్రర్ గారి వల్ల మీ జిల్లాకూ స్పెయిన్‌కూ 1969 నుంచి బంధం.

శ్రోత (అనంతపురం): అవును మేడమ్, మా అమ్మావాళ్ళ ఇల్లు కూడా ఆ సంస్థ కట్టించిందే. నా సమస్య ఏంటంటే, బార్సిలోనా నుంచి వచ్చేవాళ్ళ మాట నాకు బాగానే అర్థమవుతుంది. మాలగా వాళ్ళ వీడియోలు చూస్తే సగం మాటలు పట్టుకోలేకపోతున్నా. బీ2 స్థాయి డెలె, అంటే స్పానిష్ ప్రావీణ్య సర్టిఫికెట్ పరీక్ష రాయాలి. అక్కడికి వెళ్తే నా స్పానిష్ చెడిపోతుందా?

టీచర్: చెడిపోదు. నేను మొదటిరోజు పెద్రెగలేహోలో బ్రెడ్డు షాపుకు వెళ్ళాను. కౌంటర్ వెనకాయన బ్రెడ్డు కాగితంలో చుడుతూ "ఆర్గో మా?" అన్నాడు. ఆ మాట నా డిక్షనరీలో లేదు. మళ్ళీ అడిగాను, మళ్ళీ అదే అన్నాడు, నవ్వుతూ. వెనక ముగ్గురు నిలబడి ఉన్నారు. ఏమీ తోచక డబ్బులిచ్చి వచ్చేశాను. సాయంత్రం నేనున్న ఇంటి ఓనరమ్మ చెప్పింది, అది "అల్గో మాస్", ఇంకేమైనా కావాలా అని. చివర "స" మింగేస్తారు, "ల" కాస్తా "ర" అవుతుంది. "పెస్కాదో", అంటే చేప, వాళ్ళ నోట్లో "పెహ్కాఓ". ఇప్పుడు చెప్పమ్మా, మీ ఊళ్ళో "వస్తున్నాడు" అంటారా?

శ్రోత (అనంతపురం): వస్తాండాడు అంటాం.

టీచర్: అది తప్పు తెలుగా?

శ్రోత (అనంతపురం): కానే కాదు మేడమ్.

టీచర్: వాళ్ళదీ అంతే. అది ఆందలూసియా యాస. అక్కడి ఓడరేవుల నుంచే ఓడలు అమెరికా ఖండానికి వెళ్ళాయి. మెక్సికో, క్యూబాల్లో వినపడే స్పానిష్‌లో ఆ పోలికలు ఇప్పటికీ ఉన్నాయి. డెలె లిజనింగ్‌లో స్పెయిన్ గొంతులే కాదు, లాటిన్ అమెరికా గొంతులు కూడా వినిపిస్తారు. కాబట్టి మాలగాలో చెవికి పడే కష్టం పరీక్షకు పనికొస్తుంది. క్లాసులో టీచర్లు స్పష్టంగానే మాట్లాడతారు. ఇంకో సంగతి గుర్తుపెట్టుకో. బీ2లో మార్కులు రెండు జట్లుగా చూస్తారు. చదవడం, రాయడం ఒకటి, వినడం, మాట్లాడటం రెండోది. ఒక్కోదాంట్లో 50కి 30 రావాలి. ఒకదాంట్లో 45 వచ్చి రెండోదాంట్లో 28 వస్తే ఫెయిలే. నువ్వు రోజూ మాట్లాడుతున్నావు కాబట్టి రాయడం మీద కూర్చో. పాసైతే ఆ సర్టిఫికెట్‌కు గడువు లేదు.

శ్రోత (అనంతపురం): ఎన్ని వారాలు సరిపోతుంది మేడమ్? నేను పెద్దగా ఖర్చు పెట్టుకోలేను.

టీచర్: నీకు ఆరు వారాలు చాలు. గ్రూప్ క్లాసు పొద్దునే పెట్టుకుని, సాయంత్రాలు ఎల్ పాలో ఒడ్డుకు పో. ఇసుక నింపిన పాత పడవలో నిప్పులు వేసి, వెదురులాంటి పుల్లకు ఆరు చొప్పున సార్డీన్ చేపలు గుచ్చి, మంట పక్కన ఏటవాలుగా నాటుతారు. ఎస్పెతో అంటారు. కాల్చేవాళ్ళు మంట వేడికి మొహం పక్కకు తిప్పుకుని, గాలి ఎటు వీస్తుందో చూస్తూ పుల్లలు తిప్పుతుంటారు. నేను రోజూ అక్కడ నిలబడి మాట్లాడేదాన్ని. నేను తప్పు మాట్లాడితే చేపలు కాల్చే ఆయన సరిచేసేవాడు, ఇంగ్లిష్ రాదు కాబట్టి. నాకు దొరికిన మంచి క్లాసుల్లో అదొకటి.

యాంకర్: రాజమండ్రి నుంచి వాట్సాప్‌లో ఒక ప్రశ్న: శాకాహారులకు అక్కడ తిండి దొరుకుతుందా?

టీచర్: దొరుకుతుంది, అడిగే పద్ధతి తెలియాలి. "కార్నే", అంటే మాంసం, వద్దు అంటే చాలదు. పంది తొడమాంసం ముక్కలు, ట్యూనా చేప సలాడ్ మీద చల్లి తెస్తారు. "నో కోమో కార్నే, ని పెస్కాదో, ని హమోన్", అంటే మాంసం, చేప, పంది తొడమాంసం ఏవీ తినను అని పూర్తిగా చెప్పండి. వేయించిన వంకాయ ముక్కల మీద చెరకు పాకం పోసి ఇస్తారు, బెరెన్‌హేనాస్ కోన్ మియెల్ దె కాన్యా. మన బెల్లం పాకం లాగే ఉంటుంది. బాదం, వెల్లుల్లితో చేసే చల్లటి సూప్ అహోబ్లాంకో కూడా బాగుంటుంది.

యాంకర్: చివరి కాల్ విశాఖపట్నం నుంచి.

శ్రోత (విశాఖపట్నం): నమస్కారమమ్మా. పోస్టాఫీసులో చేసి రిటైరయ్యాను. 63 ఏళ్ళు. మనవలు మెక్సికోలో పుట్టారు, ఫోన్‌లో స్పానిషే మాట్లాడతారు. మాలగా వెళ్ళి ఒక నెల చదవాలని ఉంది. ఈ వయసులో పిల్లల పక్కన కూర్చుంటే బాగుంటుందా?

టీచర్: తప్పకుండా వెళ్ళండి బాబాయిగారూ. 50 దాటినవాళ్ళకు విడిగా కోర్సులు పెట్టే స్కూళ్ళు చాలా ఉన్నాయి. నవంబరులోనో, మార్చిలోనో వెళ్ళండి. ఎండాకాలంలో తెర్రాల్ అని లోపలి నేల మీదుగా వేడిగాలి కొడుతుంది, మీకు ఇబ్బంది. ఈలోపు ఇక్కడ ఒక్కటి సాధన చేయండి. స్పానిష్‌లో "పెరో" అంటే కానీ, "పెర్రో" అంటే కుక్క. రెండు రకాల ర.

శ్రోత (విశాఖపట్నం): బండి ఱ లాగానా? మా చిన్నప్పుడు గుఱ్ఱం అని బండి ఱ తోనే రాసేవాళ్ళం.

టీచర్: అదేనండీ. గుర్రం అన్నప్పుడు నాలుక ఎలా ఆడుతుందో అలాగే. అనండి.

శ్రోత (విశాఖపట్నం): పెర్రో. పెర్... ఱ్ఱో.

టీచర్: చాలా బాగుంది. మీ మనవలతో ఏం చెప్పాలనుంది?

శ్రోత (విశాఖపట్నం): మా బీచ్ రోడ్డు సముద్రం చూపించి, నాకిది ఇష్టంరా అని చెప్పాలని ఉందమ్మా.

టీచర్: ఇందాక కూకట్‌పల్లి అబ్బాయికి చెప్పిన "మే గుస్తా" విన్నారు కదా. సముద్రం "ఎల్ మార్".

శ్రోత (విశాఖపట్నం): మే గుస్తా ఎల్ మార్.

టీచర్: ఈ రాత్రే ఫోన్ చేసి చెప్పండి బాబాయిగారూ.