పీచుమిఠాయి పరిమళం వెనక ఉన్న మనిషి

(విజయవాడలో ఒక మహిళా కళాశాల విద్యార్థినుల సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ఆడవాళ్ల సెంటు అనగానే మనకు మల్లెలు, సంపెంగలు గుర్తొస్తాయి. ఈ రోజు నేను పూల జోలికి వెళ్లను. తినే వస్తువుల వాసన వచ్చే పెర్ఫ్యూమ్‌ల గురించి మాట్లాడతాను. పీచుమిఠాయి, కారమెల్, చాక్లెట్, వెనీలా, కాఫీ. ఈ జాతి పరిమళాలను గూర్మాండ్ అంటారు. బీసెంట్ రోడ్డులో సెంట్లు అమ్మే షాపులో నిలబడి నాలుగు సీసాలు వాసన చూడండి, ఒకటైనా ఇలాంటిది తగులుతుంది.

ఇలాంటి సెంటు కొట్టుకునే అమ్మాయి గురించి జనంలో ఒక అభిప్రాయం ఉంది. చిన్నపిల్ల మనస్తత్వం, గారాబం, మెతక మనిషి అని. ఆ అభిప్రాయంతో నాకు పేచీ ఉంది. ఇక్కడికి వచ్చింది కూడా ఆ పేచీ చెప్పుకోవడానికే.

1992లో థియరీ ముగ్లర్ అనే ఫ్రెంచ్ డిజైనర్ పేరుతో 'ఏంజెల్' అనే పెర్ఫ్యూమ్ వచ్చింది. ఈనాటి గూర్మాండ్‌లన్నిటికీ అదే పెద్దక్క. నీలం రంగు, నక్షత్రం ఆకారంలో సీసా. ముగ్లర్ చిన్నప్పుడు చూసిన సంతల్లోని పీచుమిఠాయి, చాక్లెట్ వాసనలు అందులో ఉండాలని కోరుకున్నాడు. దాన్ని తయారుచేసిన ఒలివియే క్రెస్ప్ ఇథైల్ మాల్టాల్ అనే పదార్థం వాడాడు. ప్రయోగశాలలో పుట్టిన పదార్థం అది. కాలీ కాలని పంచదార వాసన వస్తుంది. మిఠాయిల్లో రుచి కోసం అప్పటికే వాడుతున్నారు. పెర్ఫ్యూమ్‌లో మాత్రం అంత మోతాదులో పోయడానికి అంతకుముందు ఎవరూ సాహసించలేదు.

అది ఒక్కటే పోసి వదిలేస్తే మిఠాయి దుకాణం వాసన వచ్చి ఊరుకునేది. క్రెస్ప్ దానికి ఎదురుగా ప్యాచౌలీని నిలబెట్టాడు, అదీ బోలెడంత. ప్యాచౌలీ ఒక ఆకు. దాని నూనెలో తడిసిన మట్టి, పాత చెక్కపెట్టె, కాస్త చేదు చాక్లెట్ లాంటి వాసనలు కలగలిసి ఉంటాయి. పంతొమ్మిదో శతాబ్దంలో మన దేశం నుంచి యూరప్‌కు వెళ్లే శాలువాల మడతల్లో పురుగు పట్టకుండా ఈ ఆకులే పెట్టేవారు. అక్కడి ఆడవాళ్లకు ఆ వాసన మీద మోజు శాలువాలతో పాటే వచ్చింది. అంత గంభీరమైన ఆకు పక్కన పీచుమిఠాయి చేరితే ఏమవుతుందో ఊహించండి. అది చంటిపిల్ల వాసన కానే కాదు. గదిలోకి ఎవరో వచ్చారని అందరూ తల తిప్పి చూస్తారు. కొందరు మొహం చిట్లిస్తారు కూడా. ఏంజెల్‌ను ఇష్టపడినవాళ్లు ఎంత గట్టిగా ఇష్టపడ్డారో, పడనివాళ్లు అంత గట్టిగా వద్దన్నారు. అదే ఏడాది ఇస్సే మియాకే అనే జపాన్ డిజైనర్ పేరుతో 'లో దిస్సే' అనే పెర్ఫ్యూమ్ వచ్చింది. నీళ్లతో కడిగినట్టు శుభ్రమైన వాసన. ఉన్నట్టే తెలియకూడదు అన్న పద్ధతి అప్పుడు బలంగా ఉండేది. దాని పక్కనే ఏంజెల్ 'నేను ఇక్కడే ఉన్నాను' అంది.

మనకు ఇది అర్థం కాని సంగతేమీ కాదు. ఇక్కడికి కూతవేటు దూరంలో మంగళగిరి ఉంది. పానకాల స్వామికి పోసే పానకంలో ఉత్త బెల్లం నీళ్లే ఉంటాయా? మిరియాలు, యాలకులు పడాలి. నాలుక మీద తీపి నిలిచేలోపే గొంతులో ఘాటు తగలాలి. అప్పుడే అది పానకం. మంచి గూర్మాండ్‌కు కూడా అలాంటి ఘాటు ఒకటి కావాలి. అది లేనివి మార్కెట్లో చాలా ఉన్నాయి. వాటిని నేను తీసిపారేయను గానీ, నా డబ్బు మాత్రం వాటి మీద పెట్టను.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన మాట. మన ఇళ్లలో ఆడవాళ్లకు, తిండి వాసనకు పాత లెక్క ఒకటి ఉంది. సంక్రాంతికి అరిసెల పాకం పట్టిన అమ్మ, అమ్మమ్మ, పెద్దమ్మ బెల్లం, నెయ్యి, నువ్వుల వాసనతో తడిసిపోయేవాళ్లు. బయటికి వెళ్లాలంటే ముందు మొహం కడుక్కుని, చీర మార్చుకుని, పౌడర్ రాసుకుని, ఆ వాసన పోయిందో లేదో చూసుకునేవాళ్లు. ఎందుకంటే అది చాకిరీ వాసన. ఇంట్లో అందరూ ఆ పాకం రుచి చూసి మెచ్చుకుంటారు. అదే వాసన ఆవిడ చీర కొంగులో వస్తే మాత్రం 'వంటింటి మనిషి' అంటారు. ఆ వాసనను వంటింట్లోంచి తీసి, సీసాలో పోసి, ఒక ఆడమనిషి తన సరదా కోసం, తన డబ్బుతో కొనుక్కుని మెడ మీద కొట్టుకుని ఉద్యోగానికి వెళ్తోందంటే, నాకది చిన్న విషయంగా కనిపించదు. ఎవరికో వండి వడ్డించడానికి కాకుండా తన కోసమే తీపిని ఉంచుకున్న మనిషి ఆమె. గూర్మాండ్ పెర్ఫ్యూమ్ వాసన చూసినప్పుడు నా కళ్ల ముందు నిలిచే వ్యక్తిత్వం అది. అందులో మెతకతనం ఎక్కడుంది?

కంపెనీల ప్రకటనలు వేరే కథ చెప్తాయి. 2014లో వచ్చిన 'బ్లాక్ ఓపియం'లో కాఫీ, వెనీలా ఉంటాయి. ప్రకటనల్లో అది రాత్రిపూట నగరంలో తిరిగే అమ్మాయి. కానీ మన ముక్కుకు కాఫీ అంటే తెల్లవారుజాము. ఇల్లంతా నిద్రలో ఉండగా డికాషన్ దిగే వేళ. ఒకే సీసా పారిస్‌లో రాత్రిని, మన విజయవాడ సత్యనారాయణపురంలో ఉదయాన్ని గుర్తుచేస్తుంది. 2011 నాటి 'ప్రాడా క్యాండీ'లో కారమెల్ కింద బెంజోయిన్ అనే జిగురు దండిగా ఉంటుంది. బెంజోయిన్ అంటే మన సాంబ్రాణే. తలంటు పోసుకున్నాక జుట్టుకు పట్టే ధూపం. దాన్ని చేసిన డానియెలా ఆండ్రియే మనసులో తలంటు ఉండదు కదా! అయినా మనం వాసన చూస్తే తడి జుట్టు గుర్తుకొస్తుంది.

ఇందులో మాయ ఏమీ లేదు. పంచదారకు అసలు వాసన లేదు. డబ్బా మూత తీసి చూడండి. తీపి నాలుకకు తెలిసే సంగతి. వెనీలాను తీపితో కలిపి తిని తిని, ఆ వాసన రాగానే 'తియ్యగా ఉంది' అనడం నేర్చుకున్నాం. ముక్కు పంపే కబురు మెదడులో ఉద్వేగాలకు, జ్ఞాపకాలకు సంబంధించిన భాగాలకు చాలా దగ్గరి దారిలో చేరుతుంది. అందుకే ఎవరు ఏం తిని పెరిగారో, ఎవరి చేతి వంట తిన్నారో, దాన్నిబట్టి సీసాలోని మనిషి మారిపోతుంది.

వెనీలా సంగతి క్లుప్తంగా చెప్తాను. దాని వాసనకు మూలమైన వెనిలిన్‌ను 1874లో జర్మనీలో కృత్రిమంగా తయారుచేశారు. 1889లో గెర్లాన్ అనే ఫ్రెంచ్ సంస్థ వాళ్ల 'జికీ' పెర్ఫ్యూమ్‌లో అది చేరింది. 1925లో అదే సంస్థ మొఘల్ ఉద్యానవనం పేరుతో, వెనీలా దండిగా ఉన్న 'షాలిమార్' తెచ్చింది. ఏంజెల్‌కు అమ్మమ్మ లాంటిది అనుకోండి.

ఇక వాడకం. మన ఎండలకు ఈ పెర్ఫ్యూమ్‌లు కొంచెం మొండివి. వేడికి వాసన త్వరగా లేస్తుంది. చెమటతో కలిస్తే వెగటుగా మారుతుంది. మే నెలలో ఒక్క స్ప్రే చాలు. కాసేపటికి మీ ముక్కు అలవాటుపడి మీకే వాసన తెలియదు, పోయిందనుకుని మళ్లీ కొట్టుకోకండి. సిటీ బస్సులో పక్కన కూర్చున్నవాళ్లకు తెలుస్తూనే ఉంటుంది. వెనిలిన్ ఉన్నవి కాలక్రమేణా గోధుమరంగుకు తిరుగుతాయి, కాబట్టి తెల్ల చీర మీద, పట్టు మీద వద్దు.

బల్ల మీద మూడు సీసాలు పెట్టాను, కాగితం ముక్కలు ఉన్నాయి. వరసగా రండి. కాగితం మీద మొదట వచ్చే వాసనతో తీర్పు చెప్పకండి, అది నిమిషాల్లో పోతుంది. నచ్చినదాన్ని మణికట్టు మీద ఒకసారి కొట్టుకుని, రుద్దకుండా వదిలేసి, అరగంట తర్వాత మళ్లీ చూడండి. అప్పుడు మీకు ఎవరు గుర్తొచ్చారో నాకు వచ్చి చెప్పండి, వినాలని ఉంది.